కేరాఫ్ గోల్డెన్

ఇది జరిగి నాలుగు రోజులు కూడా కాలేదు. డబ్బు పోయిందని కాదు నా బాధ (అబద్ధం, అదీ ఉంది). ఫోన్లో మా తోడల్లుడు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోంచి దిగలేదు. ఆయన ఈ కథకి మసాలా దట్టించి బంధువుల్లోకి వదిలేలోపు నేనే చెప్పేసుకుంటే కాస్త పరువైనా దక్కుతుందని ఈ తాపత్రయం.

మేముండేది కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, సర్రే ఊళ్ళో. మా ఆవిడ అక్కగారి కాపురం అల్బర్టాలో, కాల్గరీలో. రాజమండ్రి నుంచి అత్తయ్యగారూ మావయ్యగారూ ఆర్నెల్లకని వచ్చారు. మూడు నెలలు మా వంతు, మూడు నెలలు వాళ్ళ వంతు. జులైలో అప్పగింతలు. విమానం ఎక్కిస్తే గంటన్నరలో తేలిపోయే పని. "కెనడా దాకా వచ్చిన వాళ్ళకి రాకీ పర్వతాలు చూపించకుండా గాల్లో పంపించేస్తామా?" అని మా ఆవిడ అంది. "కార్లో నేనే తీసుకెళ్తా" అని నా నోరు అంది. ఈ దేశంలో నేను ఏకబిగిన నడిపిన అతి పెద్ద దూరం మా ఇంటి నుంచి విస్లర్. అది కూడా మధ్యలో రెండుసార్లు ఆగి.

వెంటనే కాల్గరీ నుంచి ఎక్సెల్ షీటు ఊడిపడింది. ఏడు ట్యాబులు. మా తోడల్లుడికి ఏ పనైనా ట్యాబులు లేకుండా సాగదు, పెళ్ళిచూపులక్కూడా ఒకటి తయారుచేసుకున్నాడని వదినగారే చెప్పింది. అందులో టైర్లకో ట్యాబు: కొండదారుల్లో అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి అట. బాబూ, మేం వెళ్ళేది జులైలో! ఇంకోదాంట్లో ఎర్రక్షరాలు: మొరెయిన్ లేక్ దగ్గరికి 2023 నుంచి సొంత కార్లు రానివ్వడం లేదు, షటిల్ బస్సుకి ముందే టికెట్టు కొనుక్కోవాలి. అన్నీ నిజాలే. ఆయనతో వచ్చిన చిక్కే అది, ఎప్పుడూ తప్పు చెప్పడు. అందుకని 'హోటళ్ళు' అనే రెండో ట్యాబు నేను తెరవనే లేదు. ఒక్క హోటలైనా నా అంతట నేను వెతుక్కోలేనా?

ఇటు మావయ్యగారు తన షెడ్యూలు తను వేసుకుంటున్నారు. ఆయన ఆర్టీసీలో కంట్రోలరుగా రిటైరయ్యారు. ఊరి నుంచి తెచ్చుకున్న ఎల్ఐసీ డైరీలో స్కేలు పెట్టి గీతలు కొట్టి, "సర్రే 5.30. హోప్ 7.00, టీ, 15 ని. కామ్‌లూప్స్ 9.30, టిఫిను. రెవెల్‌స్టోక్ 12.30, భోజనాలు. గోల్డెన్ 3.00, నైట్ హాల్టు" అని రాసుకున్నారు. హోప్ దాటాక వచ్చే కొకిహల్లా కనుమ పేరు నోరు తిరక్క 'కోకాకోలా ఘాటు, ఎత్తు 1,244 మీ.' అని నమోదు చేశారు. రోజర్స్ పాస్ అటువైపు గడియారం గంట ముందుకు జరుగుతుందండీ, కాబట్టి గోల్డెన్ చేరేసరికి మూడు కాదు, నాలుగవుతుంది అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఆ గంట డ్రైవరుకి ఓటీ కింద రాయాలా?" అని అడిగారు.

గోల్డెన్‌లో రెండు రాత్రులు, రెండు గదులు. నేను చేయాల్సిందల్లా అదే. రాత్రి పదకొండున్నరకి బుకింగ్ సైటు తెరిచి గోల్డెన్ అని కొట్టాను. మొదటి హోటలే బ్రహ్మాండంగా ఉంది. వెనకాల కొండలు, పక్కన ఏరు, పైన్ చెట్లు. ధర పక్కన ఎర్ర మంటల్లాంటి అక్షరాలు: 'రెండే గదులు మిగిలాయి! ప్రస్తుతం 14 మంది చూస్తున్నారు!' ఆ పద్నాలుగు మందీ ఎవరో, అర్ధరాత్రి పూట నిద్రమాని నా గదుల మీద పడ్డారు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని రకం తీసుకుంటే నలభై డాలర్లు తక్కువ. రద్దు చేసుకోవడానికి నాకేం ఖర్మ? నొక్కేశాను. ఆ రాత్రి పట్టిన నిద్ర మళ్ళీ పట్టలేదు.

తెల్లారాక అత్తయ్యగారికి ధర్మసందేహం వచ్చింది: గదిలో కుక్కరు పెట్టుకోనిస్తారా? పులిహోర మొదటి రోజుకే, రెండో రోజుకి పెరుగన్నం పడకపోతే ఆవిడకి కొండలు కనపడవు. సరే, హోటలుకే ఫోన్ చేశాను. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం స్పీకర్ ఆన్ చేయడం. భోజనాల బల్ల చుట్టూ అందరూ చేరారు. అత్తయ్యగారు గోంగూర ఒలుస్తూ, మావయ్యగారు డైరీ తెరిచి పెన్ను మూత తీసి, మా అబ్బాయి బల్ల కింద. మా ఆవిడ మాత్రం 'ఈయన ఇంగ్లీషు ఈ రోజు ఎలా ఉందో' అన్నట్టు తలుపుకి ఆనుకుని నిలబడింది.

ఫోనెత్తిన అమ్మాయి గొంతులో చక్కెర పాకం. కుక్కరా, భేషుగ్గా పెట్టుకోండి, పొగ అలారం మోగనంత వరకూ మాకు అభ్యంతరం లేదంది. అత్తయ్యగారి మొహం వెలిగింది. "పోపు సంగతి అడగండి" అన్నారు. పోపుకి ఇంగ్లీషు వెతుక్కోవడం నా వల్ల కాక, గదిలోంచి రాకీ పర్వతాలు కనిపిస్తాయా అనడిగాను.

కిటికీ తీస్తే అవేనట. పక్కన నది? వెనకాలే వాగు, నడుచుకుంటూ వెళ్ళొచ్చు. గోల్డెన్‌లో పారేది కికింగ్ హార్స్ నది, ఉరకలెత్తే నది. దాన్ని పట్టుకుని వాగంటోందేమిటని ఒక్క క్షణం అనిపించింది. స్థానికులకి అలాగే ఉంటుందిలే, మా రాజమండ్రి వాళ్ళు మాత్రం గోదారి గట్టుని 'ఏటిగట్టు' అనరూ అని సర్దిచెప్పుకున్నాను.

"లేక్ లూయీస్ ఎంత దూరం?" అన్నాను.

"లూయిస్‌విలా? అరగంట, అంతే."

అరగంట! మా తోడల్లుడు షీటులో గంట అని రాశాడు. నేను మా ఆవిడ వంక చూసిన చూపు ఎవరైనా ఫోటో తీసి ఉంటే పటం కట్టించుకునేవాణ్ణి. మావయ్యగారు డైరీలో గంట కొట్టేసి అరగంట వేశారు.

"ఎండలెలా ఉంటాయి?"

"ఎనభై అయిదు దాకా వెళ్తుంది. హాయిగా ఉంటుంది."

బల్ల దగ్గర నిశ్శబ్దం. ఎనభై అయిదు డిగ్రీల్లో హాయేమిటి, రామగుండంలో కూడా అంతుండదే అని మావయ్యగారు గొణిగారు. తేమ శాతం చెప్తోందండీ అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, నేనే నమ్మేశాను.

"స్కూలు కోసం వస్తున్నారా?" అందా అమ్మాయి. పిల్లాడి బడి సెలవుల సంగతి అడుగుతోందనుకుని "అవునవును, అందుకే జులై" అన్నాను. "ఓ, అభినందనలు! చాలా గొప్ప స్కూలు!" అంది. సర్రేలోని ఎలిమెంటరీ స్కూలు కీర్తి కొండల దాకా పాకిందా అని ఆశ్చర్యపోయాను. మా అబ్బాయి బల్ల కిందనుంచే, "మా స్కూల్లో బాత్రూమ్ తలుపు పడదు" అన్నాడు.

తర్వాత ఊళ్ళో చూడాల్సినవి చెప్పింది. పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉందట, లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారట. మావయ్యగారి పెన్ను మొదటిసారి ఆగింది. అత్తయ్యగారు గోంగూర కట్ట మీంచి చూసిన చూపుకి మళ్ళీ కదిలింది. ఆ పైన కొండమీద బఫెలో బిల్ గ్రేవ్ ఉంది, తప్పకుండా వెళ్ళండి అంది. ఆ స్పీకర్లో 'గ్రేవ్' కాస్తా 'గ్రేవీ' అయి వినిపించింది.

"ఏమిటంటోంది?" అన్నారు అత్తయ్యగారు.

"కొండమీద గేదె గ్రేవీ దొరుకుతుందట, దాని బిల్లు..." అని అనువదించబోయాను.

"రామ రామ! మన బిల్లులో వెయ్యొద్దని చెప్పండి ముందు!"

చెప్పాను. మేము శాకాహారులం, గేదె బిల్లు మాకొద్దు అని స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత పాపం మర్యాదగా, "సరేనండీ, అలాగే గుర్తు పెట్టుకుంటాను" అని, ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది.

"సర్రే."

"అబ్బో! చాలా దూరం! ఎన్ని గంటలు?"

"ఎనిమిది."

"ఎనిమిదేనా? ఎక్కడా ఆగకుండానే?"

"లేదు లేదు, హోప్‌లో టీకి ఆగుతాం."

ఇక్కడ ఆ అమ్మాయి నవ్విన నవ్వు మాత్రం మర్చిపోలేను. ముద్దుగా, మురిపెంగా నవ్వింది. "టీ! అవును మరి, మీకు టీ ఉండాలి కదా!" అంది. మేము టీ తాగే జాతని నా యాస బట్టి పసిగట్టేసిందని మురిసిపోయాను. "ఎంత కలుపుగోలు పిల్లో, నాలుగు ముక్కలు తెలుగొస్తే బావుణ్ణు" అన్నారు అత్తయ్యగారు ఫోన్ పెట్టేశాక.

రెండు రోజులు గడిచాయి. మావయ్యగారు హోటలు అడ్రసు డైరీలోకి ఎక్కిస్తూ తలెత్తారు.

"అల్లుడుగారూ, గోల్డెన్ పక్కన సి.ఓ. అని ఉంది. కేరాఫ్ ఎవరో రాయలేదే?"

"కేరాఫ్ కాదండీ, కొలంబియా. బ్రిటిష్ కొలంబియాలో కొలంబియా."

"మరి బ్రిటిష్ ఏమైంది?"

"స్వాతంత్ర్యం వచ్చుంటుంది" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఆయన వదల్లేదు. నలభై ఏళ్ళు టికెట్ల లెక్క చూసిన కళ్ళు అవి. "మీ ఇంటి పిన్‌కోడులో అక్షరాలూ అంకెలూ కలిసి ఉన్నాయి. దీంట్లో అన్నీ అంకెలే. 80401. అవి కూడా అయిదే. మనూరి పిన్‌కోడులో ఒకటి రాలిపోయినట్టుంది. ఒకసారి చూడండి, నాకేదో తేడాగా ఉంది."

మ్యాపు తీశాను. మా ఇంటి నుంచి తూర్పుకి వెళ్ళాల్సిన నీలం గీత తిన్నగా సరిహద్దు దాటి, అమెరికాలోకి జారి, రాష్ట్రాలకి రాష్ట్రాలు దిగి కొలరాడోలో ఆగింది. సి.ఓ. అంటే అదన్నమాట. ఇరవై గంటల పైమాట. డెన్వర్ పక్కన కూడా ఒక గోల్డెన్ ఉందట. దానికీ కొండలున్నాయి, అవీ రాకీలే. దానికీ వాగుంది. రెండు ఊళ్ళలోనూ మౌంటెన్ టైమే. రెండు దేశాలకీ డాలరే. ఇంత కుట్ర చేసి పక్కపక్కన పెట్టుకుంటే నాలాంటివాడు ఏమైపోవాలి?

ఇక ఒక్కొక్కటే గుచ్చుకోవడం మొదలైంది. అరగంట దూరంలో ఉన్నది లూయిస్‌విల్ అనే ఊరు. ఎనభై అయిదు ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో ఇరవై తొమ్మిది. స్కూలంటే కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్. మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్ళేదే. కొడుకు చదువు కోసం వచ్చే సవాలక్ష తండ్రుల్లో నేనూ ఒకణ్ణి అనుకుంది కాబోలు. బఫెలో బిల్ అనేవాడు కౌబాయ్ షోలు నడిపి పేరుమోసి 1917లో పోయినవాడు, ఆ కొండమీద ఉన్నది ఆయన సమాధి. చచ్చినాయన సమాధి నాకు వడ్డించొద్దు, బిల్లులో వెయ్యొద్దు అని చెప్పానన్నమాట. సర్రే అంటే ఇంగ్లండులో సర్రే. అక్కణ్ణించి ఎనిమిది గంటల్లో విమానంలో వచ్చేస్తామన్నాననుకుంది. 'టీకి ఆగుతామని హోప్' అన్నాననుకుని, ఆహా ఏమి బ్రిటిష్ వాళ్ళురా అని మురిసిపోయింది పిచ్చితల్లి.

అత్తగారికీ మామగారికీ ఉన్నది కెనడా వీసా మాత్రమే.

బుకింగ్ సైటు వాళ్ళకి ఫోన్ చేశాను. యాభై నిమిషాలు పియానో వినిపించారు. తర్వాత ఒకాయన వచ్చి, "మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. అర్థమైతే డబ్బివ్వొచ్చుగా? ఇవ్వడట. కావాలంటే తేదీ మార్చుకోవచ్చట, అదే హోటల్లో. గదులు రెండే మిగిలాయని గంట కొట్టి చెప్పడం తెలిసిన సైటుకి, "నాయనా, నువ్వున్నది ఒక దేశం, హోటలున్నది ఇంకో దేశం" అని ఒక్క ముక్క చెప్పడం రాదా? ఆ పద్నాలుగు మందిలో ఒక్కడికైనా రాదా?

తోడల్లుడికి చెప్పకూడదని నేను ఒట్టు వేయించుకున్నాను. ఆ రాత్రే అక్కాచెల్లెళ్ళు వీడియో కాల్లో మాట్లాడుకున్నారు. తెరలో ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పక్కకి ఒరిగి ఫ్రేములోంచి మాయమైంది. నవ్వు మాత్రం వస్తూనే ఉంది. తేరుకున్నాక, "ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరు చూసుకోవాలి తమ్ముడూ. రెండో ట్యాబులో రాశాను కదా, బి.సి. అని, బోల్డులో" అన్నాడు. ఇప్పుడు గోల్డెన్‌లో, అంటే ఇంటిపేరున్న గోల్డెన్‌లో, జులైలో మిగిలిన గది ఒక్కటే. ధర చెప్పను. మంచాలు రెండు, మేము అయిదుగురం.

నిన్న కొలరాడో అమ్మాయి మెయిలు పంపింది. ఇంగ్లండు నుంచి వచ్చే మా అతిథుల కోసం రెండు గదుల్లోనూ ప్రత్యేకంగా టీ కెటిల్ పెట్టించాం, శాకాహారులన్న సంగతి కూడా రాసుకున్నాం అని. అత్తయ్యగారికి చదివి వినిపిస్తే కళ్ళు తుడుచుకుని, "ఆ పిల్ల దగ్గరికే పోదామండీ" అన్నారు.

ఇంకా ఆవిడకి వీసాలంటే ఏమిటో వివరిస్తూనే ఉన్నాను, మావయ్యగారు డైరీలో తర్వాతి పేజీ తిప్పారు. మూడో రోజు, గ్లేసియర్ నేషనల్ పార్కు, పడవ షికారు, అయిదు టికెట్లు. గోల్డెన్ దారిలోనే ఆ పార్కు ఉంది కదా అని అదే రాత్రి, అదే ఊపులో కొన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని టికెట్టు ప్రింటు వెలుతురుకి పట్టి చూశారు.

"అల్లుడుగారూ, ఇక్కడ ఎం.టి. అని ఉంది. మా డిపోలో ఎంటీ అంటే ప్యాసింజర్లు లేకుండా ఖాళీగా తిరిగే బండి. ఇదేంటి?"