ఉదయం ఏడింటి పారాసిటమాల్ సిరప్ గారికి

అయ్యా,

బడికి పంపాలా మానాలా అని అమ్మా నాన్నా తేల్చుకోలేని తగువును మీరు మూతెడు మందుతో తేల్చేస్తున్నారు. ఏడింటికి పిల్లాడి ఒళ్లు కాలుతుంటుంది, ఏడూముప్పావుకి బస్సు. మధ్యలో మీరు గొంతులోకి దిగుతారు. నుదురు కాస్త చల్లబడగానే "తగ్గిపోయిందిగా, పైగా ఇవాళ ఎఫ్‌ఏ పరీక్ష" అంటూ టై కట్టేస్తారు.

మీ పనితనం నాలుగు నుంచి ఆరు గంటలు. పదకొండు దాటాక, సరిగ్గా లెక్కల పీరియడ్‌లో, జ్వరం మళ్లీ ప్రెజెంట్ చెబుతుంది. జలుబు బాగా అంటుకునేది మొదటి రెండు మూడు రోజుల్లోనే కాబట్టి, క్లాస్ టీచర్ ఫోన్ చేసేసరికి పక్క బెంచీకి పంపకాలు అయిపోయి ఉంటాయి.

థర్మామీటర్ పెట్టాల్సింది మీ కన్నా ముందు. 100.4 ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే ఇల్లే. మళ్లీ బడికి వెళ్లాలంటే మీ సాయం లేకుండా 24 గంటలు జ్వరం రాకూడదు. రాత్రి రెండింటికి మిమ్మల్ని పట్టించి, తెల్లారి 98.6 చూసి మురిసిపోయేవాళ్లున్నారు. అది పిల్లాడి అంకె కాదు, మీది.

ఇక మీ రెండు వేషాలు. ఒక సీసాలో 5 మి.లీ.కి 120 మి.గ్రా., మరోదాంట్లో 250. డోసు కిలో బరువుకు 15 మి.గ్రా. అనుకుంటే, 16 కిలోల పిల్లకు మొదటిది 10 మి.లీ., రెండోది సుమారు 5. పాత సీసా కొలత కొత్త సీసాకు వాడితే సగమో, రెట్టింపో. దానికి తోడు వంటింటి చెంచా!

ఉత్త ముక్కు కారడానికి మీతో పనే లేదు. జ్వరం లేదు, రాత్రి పడుకున్నాడు, ఇడ్లీ తిన్నాడు, చెల్లితో కొట్లాడుతున్నాడు. జేబులో రుమాలు పెట్టి పంపేయొచ్చు. నాలుగు రోజులకు చీమిడి చిక్కబడి పచ్చబడటమూ మామూలే, అంతమాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. అదే డొక్కలు ఎగరేస్తున్నా, ఎల్‌కేజీ వయసు పిల్ల నిమిషానికి 40 సార్లో ఇంకా ఎక్కువో ఊపిరి తీస్తున్నా, మీరు జ్వరం దించారా లేదా అన్నది చూడక్కర్లేదు, ఆసుపత్రికే.

వార్షికోత్సవంలో నూరు శాతం హాజరు మెడల్ ఇచ్చేటప్పుడు మాత్రం స్టేజీ మీదికి మిమ్మల్నీ పిలవమని సిఫార్సు చేస్తున్నాం.

ఇట్లు,
పదకొండున్నరకి స్కూలు ఫోన్ ఎత్తే తల్లిదండ్రులు