బంగారం కనిపించిన చోటల్లా దైవత్వమేనా?

విశ్వాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. దాని సారాంశం ఇది: బైబిల్లో బంగారం అంటే దైవత్వం. అందుకే అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్ష గుడారం నిండా బంగారమే. సొలొమోనుకు బంగారం కుప్పలుగా రావడం దేవుని మెప్పు. "వెండి నాది, బంగారు నాది" అన్న దేవుడు తన పిల్లలకు అది ఇచ్చి తీరతాడు. జ్ఞానులు యేసుకు బంగారం తెచ్చారు, పరలోక వీధులూ బంగారమే. కాబట్టి బంగారం లేని ఇంట్లో ఆశీర్వాదం తక్కువ.

ఆ చివరి మాట కూలి చేసుకుని బతికే విశ్వాసుల మనసుల్ని గాయపరుస్తోంది. అందుకే ఒక్కో మాటా లేఖనం పక్కన పెట్టి చూడాలి.

మొదటిది, బంగారం అంటే దైవత్వమే అన్న మాట. ఇందులో కొంత నిజం ఉంది. గుడారం ఆవరణలో బలిపీఠం ఇత్తడిది. లోపలికి వెళ్లేకొద్దీ బంగారం పెరుగుతుంది. ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, మందసం, తుమ్మకర్రతో చేసి బంగారు రేకు తొడిగినది. దాని మీది మూత, కరుణాపీఠం, మేలిమి బంగారం. బంగారం అక్కడ పరిశుద్ధతను చూపిస్తోందంటే ఎవరూ కాదనరు.

కానీ ఈ గుడారం వివరాలున్న నిర్గమకాండంలోనే 32వ అధ్యాయం చదవండి. ఆడవాళ్ల, కొడుకుల, కూతుళ్ల చెవిపోగులు తెప్పించి అహరోను దూడను పోతపోశాడు. మోషే దాన్ని కాల్చి, పొడి చేసి, నీళ్లలో కలిపి జనంతో తాగించాడు. మూడు అధ్యాయాల తర్వాత, 35లో, అదే జనం పోగులు, ఉంగరాలు తెచ్చి గుడారానికి ఇచ్చారు. అదే మనుషులు, అదే రకం నగలు. ఒకసారి విగ్రహం, ఒకసారి మందిరం. బంగారంలోనే దైవత్వం ఉంటే దూడలోనూ ఉండాలి కదా? ఇక ఆదికాండం 24లో రిబ్కాకు పెట్టిన అర తులం ముక్కుకమ్మి పెళ్లివారి కానుక మాత్రమే. దానికి ఏ గూఢార్థమూ అవసరం లేదు.

యూదు పండితులు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. ప్రధాన యాజకుడి వస్త్రాల్లో బంగారు దారాలుంటాయి. అయితే ప్రాయశ్చిత్త దినాన అతిపరిశుద్ధ స్థలంలోకి అడుగుపెట్టేటప్పుడు అతను వాటిని విప్పి సాదా నారబట్టలు కట్టుకోవాలి. లేవీయకాండం 16 చెప్పేది ఇదే. ఎందుకలా అని యూదు పండితుల చర్చల గ్రంథం తాల్ముదులో చర్చ వచ్చింది. దానికి రవ్ హిస్దా ఇచ్చిన జవాబు: నేరం మోపినవాడు వకాల్తా పుచ్చుకోలేడు. అంటే దూడ పాపానికి సాక్షి అయిన బంగారాన్ని ఒంటి మీద వేసుకుని క్షమాపణ అడగడానికి వెళ్లకూడదు. మరి లోపలున్న మందసమూ బంగారమే కదా అన్న ప్రశ్న కూడా అక్కడే వచ్చింది. పాపం చేసినవాడు దానితో తనను అలంకరించుకోకూడదు, అంతే అని తేల్చారు. నన్నడిగితే మన ప్రసంగాల్లో వినిపించే సూత్రాలకన్నా ఇది ఎంతో లోతైన మాట. దేవుని సన్నిధికి అతి దగ్గరగా వెళ్లే ఆ ఒక్క రోజున మనిషి బంగారం తీసేసి వెళ్తున్నాడు.

సొలొమోను సంగతి. ఆయన అడగని ఐశ్వర్యం దేవుడే ఇచ్చాడు, నిజమే. ఏటా వచ్చిన బంగారం హీబ్రూ లెక్కలో 666 తలాంతులు. అయితే రాజు తన కోసం వెండి బంగారాలు విస్తారంగా పోగేసుకోకూడదని ద్వితీయోపదేశకాండం 17 ముందే చెప్పింది. ఆయన చేయించిన బంగారు డాళ్లను కొడుకు రెహబాము ఏలుబడి అయిదో ఏట ఐగుప్తు రాజు షీషకు ఎత్తుకుపోయాడు. రెహబాము వాటి చోట ఇత్తడి డాళ్లు చేయించుకున్నాడు.

"వెండి నాది, బంగారు నాది" అన్న హగ్గయి 2:8 విషయంలో జరుగుతున్న అన్యాయం ఇంకా పెద్దది. ఆ మాట వచ్చింది క్రీ.పూ. 520లో. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన జనం పేదరికంలో ఉన్నారు. కూలి డబ్బులు చినిగిన సంచిలో వేసినట్టు పోతున్నాయని ఆ ప్రవక్తే రాశాడు. యూదా అధికారి జెరుబ్బాబెలు కట్టిస్తున్న మందిరం, పాత మందిరం చూసిన వృద్ధుల కళ్లకు ఆనడం లేదు. అలాంటివారికి ధైర్యం చెబుతూ వచ్చిన మాట అది. బంగారమంతా నాదే, నా మందిరానికి ఏం కావాలో నేను చూసుకుంటాను, మీరు పని ఆపకండి అని దాని భావం. "నాది" అన్నాడు, "నీది" అనలేదు. చేతిలో ఏమీ లేనివారికి ఊరటగా పలికిన వాక్యాన్ని తీసుకొచ్చి, చేతిలో ఏమీ లేనివారినే నిందించడం నేను సహించలేను.

జ్ఞానుల బంగారం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తొలినాటి సంఘ పెద్ద ఇరేనియస్ కాలం నుంచీ, అంటే రెండో శతాబ్దం నుంచీ, సంఘం దాన్ని రాజుకిచ్చిన కానుకగా అర్థం చేసుకుంది. ఆ రాజే తన శిష్యులను పంపుతూ సంచుల్లో బంగారం గాని వెండి గాని పెట్టుకోవద్దన్నాడు. పేతురు కుంటివాడి ముందు నిలబడి వెండి బంగారాలు నా దగ్గర లేవన్నాడు. ఆశీర్వాదం తక్కువై అన్నాడా?

చివరిది పరలోక వీధులు. ప్రకటన గ్రంథం 21లో బంగారం కాళ్ల కింద వీధి, అదీ స్వచ్ఛమైన గాజులాంటిది. దాచుకోవడానికీ, మెడలో వేసుకోవడానికీ పెట్టింది కాదు. అదే గ్రంథం 17లో స్త్రీగా చూపిన దుష్ట నగరం మహా బబులోను చేతిలో, హేయమైనవాటితో నిండిన పాత్ర కూడా బంగారందే. 18లో ఆమె పతనానికి ఏడ్చే వర్తకుల సరుకుల జాబితా బంగారంతో మొదలై, మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. ఈ అధ్యాయాలను ఆ సందేశం రాసినవారు ఎందుకు వదిలేశారు?

క్రీస్తే స్వయంగా "నా దగ్గర బంగారం కొనుక్కో" అన్న చోటు కూడా ఆ గ్రంథంలో ఉంది, 3:18. ఆ మాట లవొదికయ సంఘానికి చెప్పాడు. క్రీ.శ. 60లో భూకంపానికి కూలినా రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతో లేచి నిలబడ్డ పట్టణం అది. మేం ధనవంతులం, మాకేమీ కొదువ లేదని ఆ సంఘం అనుకుంటోంది. నువ్వు దరిద్రుడివి, గుడ్డివాడివి, దిగంబరివి అని ఆయన వాళ్లతో అన్నాడు.