లీజు భారం లేని చిరునామా

సరుకు నచ్చకపోతేనో, పనితనం చాలకపోతేనో చిన్న వ్యాపారాలు మూతపడతాయని అనుకుంటాం. లెక్కల పుస్తకం తెరిస్తే చాలాసార్లు మరో కారణం కనిపిస్తుంది. రాబడి రెండు మూడు నెలలు తగ్గినా ఖర్చులు మాత్రం తగ్గవు. వాటిలో ఆఫీసు అద్దెది ముందు వరస. ముగ్గురు నలుగురు కలిసి పెట్టుకున్న అకౌంటింగ్ సంస్థకో, వెబ్‌సైట్లు తయారుచేసే బృందానికో ఒక గది కావాలంటే అడ్వాన్సు కట్టాలి, ఏళ్ల తరబడి లీజుకు సంతకం పెట్టాలి, బల్లలూ కుర్చీలూ కొనాలి, కరెంటు, ఇంటర్నెట్, మెయిన్‌టెనెన్స్ భరించాలి. మొదటి కస్టమర్ గడప తొక్కకముందే పెట్టుబడిలో పెద్ద వాటా గోడలకే పోతుంది.

వర్చువల్ ఆఫీసు తెచ్చే పెద్ద లాభం ఈ బరువు తప్పించడమే. నెలకో ఏడాదికో కొంత రుసుము కడితే ఒక వాణిజ్య చిరునామా, ఉత్తరాలు అందుకునే ఏర్పాటు దొరుకుతాయి. కావాలంటే ఫోనెత్తి మన సంస్థ పేరుతో మాట్లాడే మనిషి ఉంటారు, కస్టమర్ వచ్చిన రోజు గంటల లెక్కన మీటింగ్ రూమ్ తీసుకోవచ్చు. ఇలా ఆఫీసును ముక్కలు చేసి అమ్మడం కొత్తేమీ కాదు. 1989లో బ్రస్సెల్స్‌లో మార్క్ డిక్సన్ రీజస్ అనే ఆఫీసులు అద్దెకిచ్చే సంస్థను మొదలుపెట్టినప్పటి నుంచీ పెరుగుతూ వచ్చిన వ్యాపారమే ఇది. 2020లో కోవిడ్ వచ్చాక, ఇంటి నుంచి పనిచేసే సంస్థను చిన్నచూపు చూడడం కూడా బాగా తగ్గింది.

దీర్ఘకాలపు లీజు ఎంత ప్రమాదమో వీవర్క్‌ను చూస్తే తెలుస్తుంది. భవనాలను ఏళ్ల లీజుకు తీసుకుని, కొద్దికాలానికి అద్దెకిస్తూ ఎదిగిన సంస్థ అది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లగలిగారు, లీజులు మాత్రం సంస్థ మెడకే చుట్టుకున్నాయి. చివరికి 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. కోట్ల పెట్టుబడి ఉన్నవాళ్లనే కుంగదీసిన బరువును నలుగురున్న సంస్థ నెత్తిన పెట్టడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించదు.

ఖర్చు మాట అలా ఉంచితే, పెద్దగా ఎవరూ పట్టించుకోని లాభం ఇంకొకటి ఉంది. ఇంట్లోంచి వ్యాపారం చేసేవాళ్లు సంస్థను ఇంటి చిరునామాతోనే రిజిస్టర్ చేస్తుంటారు. చాలా దేశాల్లో ఆ వివరం బహిరంగ రికార్డు. బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఏ కంపెనీ రిజిస్టర్డ్ చిరునామానైనా ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. బిల్లు దగ్గర గొడవపడిన కస్టమర్ రాత్రి ఎనిమిదింటికి ఇంటి తలుపు కొట్టడం ఒంటరిగా వ్యాపారం చేసుకునే మహిళకు చిన్న విషయం కాదు. ఇంటికీ వ్యాపారానికీ మధ్య ఒక గోడ కావాలి. అద్దె గది లేకుండానే ఆ గోడ కట్టుకోవచ్చు.

వర్చువల్ ఆఫీసు అనగానే ప్రకటనలన్నీ ఖరీదైన వీధి పేరు చూపిస్తాయి. నన్నడిగితే చూడాల్సింది అక్కడ ఉత్తరాలను చూసుకునే తీరు. పన్ను శాఖ నుంచి గడువున్న నోటీసు ఒకటి వచ్చిందనుకుందాం. వర్చువల్ ఆఫీసు సిబ్బందిలో ఎవరో సంతకం పెట్టి తీసుకోవాలి, అందిన తేదీ కవరు మీద వేయాలి, స్కాన్ చేసి అదే రోజు మనకు పంపాలి. విప్పాలా, మరో చోటికి పంపాలా, చించేయాలా అన్నది మన మాట ప్రకారం జరగాలి. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా గడువు దాటిపోయి జరిమానా పడుతుంది. చట్టాలూ ఇప్పుడు ఇక్కడే గట్టిగా పట్టుకుంటున్నాయి. 2024 మార్చి 4 నుంచి బ్రిటన్‌లో పీఓ బాక్సును (ఉత్తరాలు అందుకోవడానికి అద్దెకు తీసుకునే నంబరు పెట్టెను) రిజిస్టర్డ్ చిరునామాగా ఒప్పుకోవడం లేదు. పంపిన పత్రం కంపెనీ తరఫు మనిషి దృష్టికి వచ్చేలా, అందినట్టు నమోదయ్యేలా ఆ చోటు ఉండాలి. అమెరికాలో ప్రైవేటు ఏజెన్సీ ద్వారా ఉత్తరాలు అందుకోవాలంటే తపాలా శాఖ ఫారం 1583 నింపి, గుర్తింపు పత్రాలు చూపించాలి. ఈ కట్టుబాట్లు నిజాయతీగా నడిచే చిన్న సంస్థకే మేలు చేస్తాయి. బోగస్ కంపెనీలు కుప్పగా చేరిన చిరునామాలో మన పేరూ ఉంటే బ్యాంకువాళ్లు మనల్నీ అనుమానిస్తారు.

అందరికీ ఇది కుదరదు. వర్క్‌షాపుకో, క్లినిక్‌కో సొంత చోటు తప్పనిసరి. పని నేర్చుకునే కుర్రవాళ్లు ఉన్న సంస్థలో సీనియర్ పక్కన కూర్చోవడానికి సాటి వచ్చేది లేదు. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించాలన్న ఆశతో తీసుకున్నా నిరాశే. పనివేళల్లో మన సొంత సిబ్బంది అక్కడ లేకపోతే వర్చువల్ ఆఫీసును అక్కడ చూపించకూడదని గూగుల్ నిబంధన.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మానేసే రోజు గురించి కూడా అడగాలి. అప్పటికి ఆ చిరునామా బ్యాంకులో, పన్ను రికార్డుల్లో, పాత ఇన్‌వాయిస్‌లన్నింటి మీదా ఉంటుంది. మనం వెళ్లాక వచ్చే ఉత్తరాలను ఎన్ని నెలలు, ఎంత రుసుముకు పంపుతారో కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాటతో సరిపెట్టే సంస్థ దగ్గర చిరునామా తీసుకోకపోవడమే మంచిది.