హెచ్చరిక మోగాక తలుపు తట్టేదెవరు?

చెక్ రిపబ్లిక్‌లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవారి కోసం ఐటారెప్స్ అనే కార్యక్రమం ఒకటి నడిచింది. వారానికోసారి జబ్బు ఉన్న మనిషి ఫోనుకూ, ఇంట్లో దగ్గరుండి చూసుకునేవారి ఫోనుకూ ఎస్సెమ్మెస్ వెళ్తుంది. పది చిన్న ప్రశ్నలకు అంకెల్లో జవాబివ్వాలి. నిద్ర చెడుతోందా, భయం పెరిగిందా, మనుషుల్ని తప్పించుకు తిరుగుతున్నారా, ఇలాంటివే. మార్పు ఒక హద్దు దాటితే డాక్టరుకు హెచ్చరిక ఈమెయిల్ పోతుంది. ఆయన ఒక రోజులోగా మందు మోతాదు కొంచెం పెంచాలి. జబ్బు పూర్తిగా తిరగబెట్టకముందే అడ్డుకోవాలన్నది ఆలోచన.

దీన్ని శాస్త్రీయంగా పరీక్షించిన ఫలితాలు 2012లో వచ్చాయి. ఆసుపత్రిలో చేరికల విషయంలో ఈ కార్యక్రమంలో ఉన్నవారికీ లేనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకని ఆరా తీస్తే బయటపడింది సాంకేతిక లోపం కాదు. ఎస్సెమ్మెస్‌లు వెళ్లాయి, జవాబులు వచ్చాయి, హెచ్చరికలు మోగాయి. వాటిలో సగానికి పైగా హెచ్చరికలకు డాక్టర్లు మోతాదు మార్చలేదు.

డాక్టర్లను తిట్టిపోయడం తేలికే. హాల్లో రోగులు బారులు తీరి ఉండగా, ఎదురుగా లేని మనిషి గురించి ఒక ఈమెయిల్ వచ్చి మందు పెంచమంటే ఎంతమంది పెంచుతారు? పెంచితే వణుకు, మగత, బరువు వచ్చి పడతాయి. ఆ హెచ్చరిక నిజమో కాదో తేల్చాలంటే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి చూడాలి, కనీసం ఫోన్ చేసి నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ 'ఎవరో' అన్న మనిషికి కార్యక్రమంలో చోటివ్వలేదు.

మానసిక వైద్యంలో డిజిటల్ సాధనాల గురించి నేటికీ జరుగుతున్న చర్చ చాలావరకు ఈ పొరపాటు చుట్టే తిరుగుతోంది. కనిపెట్టడానికి తెలివైన యంత్రాలు తయారవుతున్నాయి. కనిపెట్టాక కదలాల్సిన మనిషి జీతం మాత్రం ఏ బడ్జెట్‌లోనూ కనబడదు. నా దృష్టిలో మొదటి రూపకల్పన, మొదటి ఖర్చు ఆ మనిషి కోసమే జరగాలి. యాప్ సంగతి ఆ తర్వాత.

అసలు రోగిని ఆసుపత్రిలో కాక ఇంట్లో, ఊళ్లోనే చూసుకోవడం, అంటే సమాజంలోనే సంరక్షణ అనే మాట ఎందుకొచ్చింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 2.4 కోట్ల మందికి, అంటే సుమారు 300 మందిలో ఒకరికి, స్కిజోఫ్రీనియా ఉంది. సైకోసిస్ (భ్రమలు, లేని మాటలు వినిపించడం వంటి స్థితి) ఉన్నవారిలో నిపుణుల మానసిక వైద్యం అందుతున్నది మూడో వంతు కంటే తక్కువ మందికే. అందినవారు కూడా ఆసుపత్రిలో ఉండేది వారాలు, ఇంట్లో గడిపేది ఏళ్లు. మందులు మానేయడం, నిద్ర చెడటం, గదిలోంచి బయటికి రాకపోవడం, అనుమానం ముదరడం, ఇవన్నీ ఇంట్లోనే జరుగుతాయి. మందు మానేయడానికీ కారణం ఒకటి కాదు. తగ్గిపోయిందనుకుని మానేసేవారున్నారు. ఒళ్లు బరువెక్కి, నోరు ఎండిపోయి, పగలంతా నిద్రమత్తులో ఉండలేక మానేసేవారున్నారు. తనకు జబ్బే లేదని గట్టిగా నమ్మేవారికి మాత్ర అవమానంలా అనిపిస్తుంది. ఈ ముగ్గురికీ ఒకే అలారం, ఒకే 'మందు వేసుకున్నారా?' పంపితే ఒరిగేదేమిటి?

ఒరిగిన చోటు కూడా ఉంది. చైనాలోని హునాన్ రాష్ట్రం, లియుయాంగ్ గ్రామీణ ప్రాంతం. అక్కడ 278 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2019లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. వాడిన సాంకేతికత చూస్తే నవ్వొస్తుంది: మామూలు ఎస్సెమ్మెస్. మందు వేళకు గుర్తుచేయడం, జబ్బు గురించి, దుష్ప్రభావాల గురించి చిన్న చిన్న సంగతులు చెప్పడం, అంతే. అయితే ఆ సందేశాలు జబ్బు ఉన్న మనిషికే కాక, ఆ ఇంటికి చెందిన 'సహాయకుడి'కీ వెళ్లాయి. చాలా ఇళ్లలో ఆ సహాయకులు కుటుంబ సభ్యులే. మందు వేసుకుంటున్నదీ లేనిదీ గమనించడం, జబ్బు తిరగబెట్టే గుర్తులు పట్టుకోవడం వారి పని. బాగా చేసినవారికి చిన్నపాటి బహుమతులూ ఉన్నాయి. వారి వెనుక ఊరి వైద్యుడు, ఆయన వెనుక మానసిక వైద్యుడు ఉన్నారు.

ఫలితాన్ని కొలిచిన తీరు నాకు మరీ నచ్చింది. 'వేసుకుంటున్నారా' అని అడిగి ఊరుకోలేదు. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లి డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు. మామూలు వైద్యం పొందినవారు వేసుకోవాల్సిన మందులో 48 శాతమే వేసుకున్నారు. ఎస్సెమ్మెస్, సహాయకుడు ఉన్న బృందంలో అది 61 శాతం. మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు మొదటి బృందంలో 20.5 శాతం, రెండో బృందంలో 7.3 శాతం. మందు వాడకంలో పెరుగుదల ఓ మాదిరిదే. ఆసుపత్రి చేరికల్లో తగ్గుదల దానికి మించి ఉంది. నా అంచనా ఏమిటంటే, తేడా తెచ్చింది ఒక్క మాత్రే కాదు. పరిస్థితి చెడుతున్నప్పుడు ఎవరికి చెప్పాలో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండటం కూడా అందులో పనిచేసింది.

ఫోను లేకుండానే ఇలాంటి పని జరిగిన ఉదాహరణ కూడా ఉంది. భారత్‌లో మూడు చోట్ల 282 మందితో జరిగిన కాప్సి అధ్యయనాన్ని 2014లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. వైద్య డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, నిపుణుల పర్యవేక్షణలో ఇళ్లకు పంపారు. ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవారితో పోలిస్తే వీరు వెళ్లిన ఇళ్లలో లక్షణాలు, వైకల్యం కొంత మేర తగ్గాయి. కొంతే, అద్భుతమేమీ కాదు. ఖర్చు మాత్రం ఎక్కువైంది. ఇంటింటికీ మనిషిని పంపడం చౌక వ్యవహారం కాదని ఒప్పుకోకుండా ఈ రంగంలో మాట్లాడటం కుదరదు. డిజిటల్ సాధనం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఆ కార్యకర్త సమయం వృథా కాకుండా చూడాలి.

ఒక కార్యకర్త రోజును దగ్గర నుంచి చూడండి. ఆమె చేతిలో నలభై యాభై ఇళ్లుంటాయి. నెలనెలా ఇంజెక్షన్ తీసుకోవాల్సినవారిలో ఎవరికి గడువు దాటింది? క్లోజపీన్ అనే మందు వాడుతున్నవారిలో ఎవరికి తెల్ల రక్తకణాల పరీక్ష మిగిలి ఉంది? కిందటిసారి వెళ్లినప్పుడు 'రాత్రిళ్లు గోడ అవతల మాట్లాడుకుంటున్నారు' అన్న మనిషి ఈసారి ఎలా ఉన్నాడు? ఇవన్నీ నోటు పుస్తకంలో, లేదంటే ఆమె బుర్రలో ఉంటాయి. ఆమె సెలవు పెడితే ఆ వివరాలూ సెలవు మీద వెళ్లినట్టే. పొద్దున్నే ఫోన్ తెరవగానే 'ఈ రోజు ఈ నాలుగు ఇళ్లు ముందు' అని చూపే జాబితా ఉంటే చాలు. ఆ జాబితా సిగ్నల్ లేని చోటా తెరుచుకోవాలి. ఒక వాక్యం మాట్లాడి రికార్డు చేస్తే డాక్టరుకు చేరాలి, డాక్టరు జవాబు అదే రోజు వెనక్కి రావాలి. ఇందులో కృత్రిమ మేధ ఊసే లేదు. బహుశా అందుకే ఇలాంటివాటికి పత్రికల్లో శీర్షికలు దొరకవు, పెట్టుబడులూ దొరకవు.

దానికి బదులు అదే కార్యకర్త చేతికి ఇరవై పేజీల దరఖాస్తు నింపించే యాప్ ఇస్తే? ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే ఆమె కళ్లు తెర మీద ఉంటాయి. అనుమానంతో బాధపడే మనిషి ఎదుట తలవంచుకుని ఫోనులో టైప్ చేయడం ఎంత పెద్ద తప్పో ఈ పని చేసే ఎవరినడిగినా చెబుతారు.

వీడియో సంప్రదింపుల్లోనూ ఇలాంటి చిక్కుంది. దూరాభారం తప్పుతుంది, నెలల నిరీక్షణ తప్పుతుంది, మంచిదే. కానీ తెర మీద కనిపించేది ముఖం, భుజాలు. కొన్ని మందుల వల్ల వచ్చే కుదురులేనితనం కాళ్లలో ఉంటుంది. మనిషి కూర్చున్నచోటే మోకాళ్లు ఆడిస్తూ ఉంటాడు, లేచి తిరగకుండా ఉండలేడు. కెమెరా ఫ్రేములోకి ఆ కాళ్లు రావు. డాక్టరుకు కనిపించేది కంగారుగా ఉన్న ముఖమే. దాన్ని జబ్బు ముదిరిందనుకుని మందు పెంచితే కుదురులేనితనం ఇంకా పెరుగుతుంది. చేతి కండరాలు బిగుసుకున్నాయో లేదో పట్టి చూడాలి. బరువు, బీపీ, షుగరు చూడాలి. స్కిజోఫ్రీనియా ఉన్నవారు సాధారణ జనం కంటే ముందుగా చనిపోవడానికి గుండె జబ్బుల వంటి శారీరక వ్యాధులే పెద్ద కారణం. వీడియోకు అటువైపు రోగి పక్కన ఒక కార్యకర్త కూర్చుంటే ఇవన్నీ సాధ్యం. ఆమె 'కొంచెం నడిచి చూపించండి' అంటుంది, కెమెరా కిందికి తిప్పుతుంది. కుటుంబ సభ్యులను కాసేపు బయట కూర్చోమంటుంది. అమ్మా నాన్నా వెనక నిలబడి ఉండగా మనసులో మాట చెప్పలేనివారు బోలెడంత మంది.

ఇక నమ్మకం సంగతి. తన మీద నిఘా ఉందన్నది ఈ జబ్బులో తరచూ కనిపించే భ్రమ. అలాంటి మనిషి జేబులో అతను ఎక్కడికి వెళ్తున్నాడో, ఎన్ని గంటలకు పడుకుంటున్నాడో, ఎంతమందితో మాట్లాడుతున్నాడో నమోదు చేసే ఫోను పెట్టాక 'మీ మీద ఎవరూ నిఘా పెట్టలేదు' అని చెప్పడానికి ఏ నోరు వస్తుంది? ఇది ఊహాగానం కాదు. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అబిలిఫై మైసైట్ అనే మాత్రకు అనుమతిచ్చింది. మాత్రలో చిన్న సెన్సర్, ఒంటికి అతికించుకునే ప్యాచ్, ఫోనులో యాప్. మాత్ర కడుపులోకి వెళ్లిందో లేదో తెలిసిపోతుంది. దీనివల్ల రోగులు మందు మెరుగ్గా వాడతారని మాత్రం రుజువు కాలేదని ఆ సంస్థే అనుమతితో పాటు స్పష్టం చేసింది. సెన్సర్ తయారుచేసిన ప్రోటియస్ కంపెనీ 2020లో దివాలా రక్షణ కోరింది. మాత్ర మింగనివారిని పట్టుకోవడానికి అంత తెలివి ఖర్చు పెట్టినవారు, ఎందుకు మింగడం లేదని అడగడానికి అందులో పదో వంతైనా పెట్టారా అనిపిస్తుంది.

అంతమాత్రాన సెన్సర్లన్నీ పారేయమని కాదు. మనిషి కుదురుగా ఉన్న రోజుల్లో కూర్చుని మాట్లాడుకుంటే చాలా తేలుతుంది. ఏ సమాచారం తీసుకోవాలి, ఎవరు చూడొచ్చు, నిద్ర మూడు రాత్రులు చెడితే మొదట ఎవరికి ఫోన్ వెళ్లాలి? అన్నకా, స్నేహితుడికా, కార్యకర్తకా? కొందరు అమ్మకు మాత్రం చెప్పొద్దంటారు, దానికి వారి కారణాలు వారికుంటాయి. ఆ సమాచారం యజమానికో, పోలీసులకో, బీమా కంపెనీకో చేరదన్న హామీ రాతలో ఉండాలి. వద్దనుకుంటే ఆపేసే మీట ఆ మనిషి చేతిలోనే ఉండాలి, ఆపేసినందుకు వైద్యం ఆగకూడదు.

లెక్క కూడా ఒకటి చూడాలి. ఒక కార్యకర్త దగ్గర వంద మంది ఉన్నారనుకుందాం. వారిలో ఈ వారం నిజంగా జబ్బు తిరగబెట్టబోతున్నది ఒక్కరికే అనుకుందాం. ఫోను పసిగట్టే పద్ధతి 90 శాతం కచ్చితమైనదే అనుకున్నా, ఆ ఒక్కరిని పట్టుకోవడంతో పాటు మిగతా 99 మందిలో పది మందిని అనవసరంగా అనుమానిస్తుంది. అంటే వారానికి పదకొండు హెచ్చరికలు, వాటిలో అసలైనది ఒక్కటి. నెల తిరిగేసరికి ఆమె హెచ్చరికలు చూడటం మానేస్తుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లలో 73 మందితో జరిగిన ఎంపవర్ పరీక్షలో ఈ బెడదకు ఒక విరుగుడు కనిపిస్తుంది. అక్కడ యాప్‌తో పాటు, మానసిక సమస్యను స్వయంగా అనుభవించిన సహచర కార్యకర్తలు తోడున్నారు. హెచ్చరికను సిబ్బంది ముందు వడపోసి, అవసరమైతేనే చికిత్స బృందానికి పంపారు. 2022లో వచ్చిన ఆ ఫలితాలు చిన్న పరీక్షవే, పెద్దది ఇంకా అవసరం. జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం మాత్రం యాప్ వాడినవారిలో తగ్గింది. ఆ భయంతోనే బతికేవారికి ఇది చిన్న విషయం కాదు.

చాట్‌బాట్‌ల గురించి ఒక్క మాట. ఎదుటివారు చెప్పినదానికి తలూపే గుణం వాటికి ఎక్కువ. 'పక్కింటివాళ్లు నా ఆలోచనలు వింటున్నారు' అన్న మనిషికి తలూపే తోడు ప్రమాదం. ఈ జబ్బు కోసం ప్రత్యేకంగా పరీక్షించని వాటిని సంరక్షణ పేరుతో చేతికివ్వకూడదు.

'వీళ్లకు ఫోన్లు వాడటం రాదు' అనే వాదన మాత్రం నిలవదు. అమెరికాలో తీవ్ర మానసిక జబ్బు ఉన్న 163 మందితో చేసిన పోలికలో క్లినిక్‌లో జరిగే గ్రూపు సమావేశాలకు రావడం మొదలుపెట్టినవారు 58 శాతమైతే, ఫోకస్ అనే యాప్ కార్యక్రమాన్ని మొదలుపెట్టినవారు 90 శాతం. ఫలితాల్లో రెండూ దాదాపు సమానం. క్లినిక్ గడప తొక్కడానికి సిగ్గుపడేవారు, బస్సెక్కలేనివారు ఇంట్లోనే మొదలుపెట్టారు. 2018లో వచ్చిన ఈ నివేదికలో చాలామంది దాటేసే వివరం ఒకటుంది: ఆ యాప్ వాడేవారితో ఫోనులో మాట్లాడటానికి ఒక శిక్షణ పొందిన మనిషిని పెట్టారు.

కాబట్టి ప్రభుత్వమైనా, స్వచ్ఛంద సంస్థ అయినా ఇలాంటి సాధనం కొనేటప్పుడు ఎన్ని డౌన్‌లోడ్లయ్యాయన్న అంకెను పక్కన పెట్టాలి. అడగాల్సినవి వేరు. పోయిన మూడు నెలల్లో ఎన్ని హెచ్చరికలు వచ్చాయి? వాటిలో ఎన్నింటికి ఒక మనిషి రెండు రోజుల్లోపు ఫోన్ చేశారు, లేదా ఇంటికి వెళ్లారు? వెళ్లినవారికి ఆ పనికి జీతం ఉందా, లేక ఉన్న పని మీద ఇదీ చేయమన్నారా? ఆదివారం రాత్రి హెచ్చరిక వస్తే ఎవరు చూస్తారు? ప్రాజెక్టు నిధులు అయిపోయాక ఆ ఇళ్లకు ఎవరు వెళ్తారు? వీటికి జవాబుల్లేని ప్రతిపాదనకు ఎంత చక్కటి యాప్ ఉన్నా సంతకం చేయకూడదు.