తెలియక కాదు, సిగ్గుతో
పెద్దవాళ్ల మీద జరిగే సైబర్ మోసాల గురించి వచ్చిన వ్యాసంలో, వాళ్లకు ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియకే మోసగాళ్లు తప్పించుకుంటున్నారని రాశారు, నాకు మాత్రం అది సగమే నిజం అనిపిస్తోంది. మా మామ చిత్తూరులో హెడ్మాస్టరుగా రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాడు, రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే మనిషి, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు ఆయనకు తెలుసు. అయినా ముంబై పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, నీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, డిజిటల్ అరెస్ట్ చేశాం, గది దాటొద్దు అని రెండు రోజులు కూర్చోబెట్టి నాలుగు లక్షలు లాగేశారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఆ సంగతి అత్తకు కూడా చెప్పకుండా తొమ్మిది రోజులు కడుపులో పెట్టుకున్నాడు, పిల్లలు ఏమంటారో అని. 1930కి వెంటనే చేస్తే డబ్బు ఇంకో ఖాతాకు దాటిపోకముందే ఆపే అవకాశం ఉంటుంది, తొమ్మిది రోజులకు ఇంకేం మిగులుతుంది? బ్యాంకుకు పోతే "మీరే కదా సార్ పంపారు" అన్నారు, ఆ మాటకు మనిషి ఇంకా కుంగిపోయాడు. చివరికి నేనే పక్కన కూర్చుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టించాను. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకు 14567 అని పెద్దల హెల్ప్‌లైన్ ఉంది, ఫ్రీ, ఎవరితోనైనా మాట్లాడితే కొంచెం ధైర్యం వస్తుంది. ఇంకోటి, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని వచ్చే ఫోన్లు కూడా మోసమే, మామకు అవి ఇప్పటికీ వస్తున్నాయి.