నూటికి నూటపది మంది

ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు ఐదు జబ్బులకు కలిపి ఒకే సూదిగా వేసే పెంటా టీకా మూడో డోసు లక్ష్యంలో 110 శాతం పూర్తయిందని సమీక్షలో ప్రకటిస్తారు. చప్పట్లు మోగుతాయి. నూరు దాటిన ఆ పది శాతం పిల్లలెవరని ఎవరూ అడగరు. చప్పట్ల మధ్య అడిగితే అసూయ అనుకుంటారు.

ఆ అదనపు పిల్లలంత బుద్ధిమంతులు దేశంలో ఇంకెక్కడా ఉండరు. ప్రభుత్వ లెక్క ప్రకారం వాళ్లు పుట్టనే లేదు. అయినా ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం తప్పకుండా వచ్చి తొడ చూపించి సూది వేయించుకుని వెళ్లారు. ఏడవలేదు, జ్వరం రాలేదు, పారాసిటమాల్ చుక్కలు అడగలేదు. ఇంత క్రమశిక్షణ పుట్టినవాళ్లలో ఎక్కడుంది?

శాతానికి కింద హారం ఒకటుంటుందని ఐదో తరగతిలో చెప్పారు. మన హారం 2011 జనాభా లెక్కల నుంచి వస్తుంది. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు కాబట్టి పాతదాన్నే ఏటా కాస్త ఉబ్బించి, జనన రేటుతో గుణించి, శిశు మరణాలు తీసేసి, పన్నెండుతో భాగించి నెలవారీ లక్ష్యం అంటారు. పట్టణ కేంద్రం కింద 50,000 జనాభా, వెయ్యికి 16 జననాలు అనుకుంటే ఏడాదికి 800 మంది పిల్లలు (లెక్క సులువు కోసం మరణాలు వదిలేద్దాం). 880 మందికి వేశారు. 110 శాతం. చప్పట్లు.

ఇప్పుడు అదే జిల్లాలో 30,000 జనాభా ఉన్న పల్లె పీహెచ్‌సీకి రండి. లక్ష్యం 480. ఊళ్లో కుర్రవాళ్లంతా హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు ఒకరితో చాలనుకున్నారు. పుట్టింది 408 మంది. ఏఎన్ఎం నర్సులు, ఆశ కార్యకర్తలు గడప గడపా తిరిగి 408 మందికీ వేశారు. ఒక్కరూ మిగల్లేదు. స్లైడు మీద 85 శాతం, ఎర్ర రంగులో.

వీడియో కాన్ఫరెన్సులో ఆ మెడికల్ ఆఫీసరును లేపి నిలబెడతారు.

"ఏమయ్యా, ఇంకా 72 మంది మిగిలారు?"

"పిల్లల్లేరు సార్."

"లక్ష్యం ఉంది కదా?"

"లక్ష్యం ఉంది సార్. పిల్లలే లేరు."

"అది నాకు చెప్పకు. పక్క కేంద్రం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చారు? నెలాఖరుకల్లా నూరు చెయ్యి."

ఇందాకటి స్లైడులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు బాగా చేయించాడని మెచ్చుకున్నదీ ఈ డాక్టరునే. కాన్పులు ఆపినందుకు అభినందన, కాన్పులు తగ్గినందుకు మెమో. రెండూ ఒకే రోజు, ఒకే సంతకంతో. ఆయన బయటికొచ్చి ఏఎన్ఎంను అడుగుతాడు, ఆమె ఆశను అడుగుతుంది, ఆశ ఎవర్ని అడగాలి? ఊళ్లో కొత్త జంటల ఇంటికెళ్లి "అమ్మా, పెంటా-3 తక్కువైంది, కాస్త సాయం చెయ్యండి" అనాలా? అయినా నెలాఖరుకు నూరు అవుతుంది. ఎలా అయిందో అడగకపోవడమే పాలనాదక్షత.

ఈ దక్షత తొందరలో కొన్ని గుర్తులు వదిలేస్తుంది. నెలలో పెంటా-1 వేసింది 62 మందికి, పెంటా-3 వేసింది 71 మందికి. డ్రాపౌట్ రేటు, అంటే మొదటి డోసు వేయించుకుని మూడోదానికి రానివాళ్ల శాతం, మైనస్ 14.5. మొదటి డోసు లేకుండా నేరుగా మూడోదానికి వచ్చిన ధీరులన్నమాట. పది దాటితే ప్రమాదమని అందరికీ తెలుసు, మైనస్ వస్తే ఏమిటో మాత్రం ఎవరికీ పట్టదు. కొంత న్యాయమైన కారణమూ ఉంది: కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయి మొదటి డోసు అక్కడ వేయించి, మూడో నెల దాటాక అత్తారింటికి వచ్చి మూడోది ఇక్కడ వేయిస్తుంది. ఆ ఊరి డ్యూ లిస్టులో (టీకా వేయాల్సిన పిల్లల జాబితాలో) బిడ్డ తప్పిపోయింది, ఈ ఊళ్లో ఊడిపడింది. యాప్ పెట్టాం కదా, పేరు కొడితే దొరకదా అంటారు. ఏ పేరు కొట్టాలి? ఆసుపత్రిలో క్షయ రాకుండా బీసీజీ టీకా వేసినప్పుడు 'బేబీ ఆఫ్ లక్ష్మి'. పుట్టింట్లో 'చిన్ని'. బారసాల అయ్యాక ఇంగ్లీషులో ఇరవై అక్షరాల కొత్త పేరు. తల్లి ఇంటిపేరు ఆధార్‌లో పుట్టింటిది, టీకా కార్డు మీద అత్తింటిది. ఫోన్ నంబరు దుబాయ్‌లో ఉన్న తండ్రిది. ఒక బిడ్డ, మూడు రికార్డులు.

రిజిస్టరు అబద్ధమాడుతోందేమోనని అనుమానమొస్తే వయల్స్ (మందు సీసాలు) లెక్కపెట్టండి. పెంటా వయలులో పది డోసులు, డోసుకు అర ఎంఎల్. మూడు వయల్స్ ఖాళీ చేసి 34 మందికి వేశామని రాస్తే, ఆ నలుగురికీ ఏం వేశారు, మంచి మాటలా? రివర్సు కేసూ ఉంది. పది డోసుల బీసీజీ పొడిని ద్రవంతో కలిపాక నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. వచ్చింది ముగ్గురు, ఏడు డోసులు పారబోయాలి. పారబోస్తే వేస్టేజీ ఎందుకయిందని సంజాయిషీ అడుగుతారు. కాబట్టి పదిమందికి వేసినట్టు రాస్తారు, లేదా అసలు విప్పరు. "ఇంకొంతమంది వచ్చాక విప్పుతాం, వచ్చే బుధవారం రండమ్మా." ఒక్క బిడ్డ వచ్చినా విప్పాలన్నదే నియమం. కూలి పోగొట్టుకుని మూడు కిలోమీటర్లు నడిచి వచ్చిన తల్లి వచ్చే బుధవారం రాదు. ఆదా అయిన వయలు ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటుంది.

ఇంటికెళ్లి కార్డు చూసి, కార్డు లేకపోతే తల్లిని అడిగి రాసుకున్న జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) దేశంలో 12–23 నెలల పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవారు 76.4 శాతమని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 73, తెలంగాణలో 79. సర్వే వాళ్లు తలుపు తట్టినప్పుడు ఆ అదనపు పిల్లలు ఇళ్లలో లేరు మరి.

ఇంతకీ 110 శాతం కేంద్రం సంగతి. ఆ 80 మంది గాలి పిల్లలు కాదు. నిజంగానే ఉన్నారు, నిజంగానే సూది వేశారు. తప్పల్లా 800 అన్న అంకెది. పదిహేనేళ్లలో నగరం పెరిగి, వలస వచ్చినవాళ్లతో అక్కడ 1,100 మంది పిల్లలున్నారు. 880 మందికి అందింది. అంటే 80 శాతం. మిగిలిన 220 మందికి ఏమీ అందలేదు. వాళ్ల గురించి అడిగే ప్రశ్నే పుట్టదు, ఎందుకంటే నూరు దాటిపోయాం! చప్పట్లు కొట్టింది ఈ 220 మంది నెత్తి మీద. ఎర్ర రంగు పూసింది ఒక్క బిడ్డనూ వదలని పల్లె మీద. ఇది పొరపాటు కాదు. సమాధానం తెలిసే ప్రశ్న మానుకోవడం ఇది. సిగ్గుండాలి.

తట్టుకు స్లైడులు అక్కర్లేదు. రెండు డోసులూ నూటికి 95 మందికి అందకపోతే సందు దొరకబుచ్చుకుంటుంది. 2022 చివర్లో ముంబైలోని గోవండి బస్తీల్లో దొరకబుచ్చుకుంది, పసిపిల్లలు చనిపోయారు. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి టీకా పడనివాళ్ల లెక్క తీశారు. చావులు మొదలయ్యాక తీయగలిగిన లెక్క అంతకుముందు ఏ సెలవులో ఉంది?

చేతకాక కాదు. పల్స్ పోలియోలో తలుపు మీద సుద్దముక్కతో పి అని రాస్తే ఇంట్లో పిల్లలందరికీ పడ్డట్టు, ఎక్స్ అంటే ఎవరో తప్పిపోయినట్టు. మర్నాడు ఎక్స్ ఇళ్లకే మళ్లీ వెళ్లేవారు. వేసినవాళ్లను కాదు, తప్పినవాళ్లను లెక్కపెట్టారు. 2011 జనవరిలో హౌరాలో వచ్చిందే దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు.

ఆ 220 మందిలో చాలామంది ఎక్కడుంటారో ఆశ కార్యకర్తకు తెలుసు. ఊరవతల ఇటుక బట్టీల దగ్గర, కడుతున్న అపార్టుమెంట్ల సెల్లార్లలో. ఆ బట్టీలను ఏ కేంద్రమూ తన డ్యూ లిస్టులో రాసుకోలేదు. వానలు పడితే బట్టీ మూస్తారు, జూన్‌కల్లా ఆ కుటుంబాలు ఒడిశా రైలెక్కుతాయి. మొదటి త్రైమాసికం సమీక్ష జులైలో.