సవరణ: రాబర్ట్ బ్రౌన్ చూసింది పుప్పొడి కదలికను కాదు

స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ (1773–1858) మీద రాసిన వ్యాసంలో "నీటిలో పుప్పొడి రేణువులు గజిబిజిగా కదలడం గమనించాడు" అన్నాం. అది తప్పు. పాఠ్యపుస్తకాల్లోనూ తరచూ కనిపించే తప్పే.

1827లో బ్రౌన్ పరిశీలించింది క్లార్కియా పుల్చెల్లా అనే పూలమొక్క పుప్పొడిని. దాని రేణువు దాదాపు 100 మైక్రోమీటర్లుంటుంది. అంత పెద్దదానికి అన్ని వైపుల నుంచీ తగిలే నీటి అణువుల దెబ్బలు దాదాపు సరిసమానమైపోతాయి, అది కంటికి ఆనేంతగా కదలదు. కదిలినవి ఆ రేణువు లోపలి నలుసులు. వాటి పొడవు అంగుళంలో 4,000 నుంచి 5,000వ వంతు, అంటే 5–6 మైక్రోమీటర్లు. వీటిని అంగుళంలో 32వ వంతు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న ఒకే ఒక్క కటకంతో చూశాడు! ఇదేదో ప్రాణమున్నవాటి లక్షణమేమో అనే అనుమానం తీరడానికి గాజుపొడి, రాతిపొడి కూడా వేసి చూశాడు. అవీ కదిలాయి.

ఈ కదలికను (బ్రౌనియన్ చలనాన్ని) సూక్ష్మదర్శినిలో మీరే చూసేందుకు వ్యాసంలో చెప్పిన ప్రయోగానికి పుప్పొడి వద్దు. ఒక చుక్క పాలను నీళ్లలో బాగా పలచన చేసి, చుక్కపై కప్పే పలుచటి గాజుముక్క (కవర్ స్లిప్) అంచులకు వాజలైన్ పూసి, 400 రెట్ల వృద్ధిలో కొవ్వు బిందువుల్ని చూడండి. అంచులు మూయకపోతే నీరు ఆవిరై ప్రవాహం పుడుతుంది. బిందువులన్నీ ఒకే దిక్కుకు కొట్టుకుపోతుంటే మీరు చూస్తున్నది ఆ ప్రవాహాన్నే. పక్కపక్క బిందువులు దేని దారిన అది వణకాలి.

ఇంకొకటి: కణకేంద్రకాన్ని బ్రౌన్ "కనుగొన్నాడు" అని రాశాం. 1831లో దానికి పేరు పెట్టాడు, అంతే. మొక్కల చిత్రకారుడు ఫ్రాంజ్ బాయర్ అంతకుముందే దాని బొమ్మ గీశాడు.